తల్లిపాలు – కృత్రిమ మేధ

బిడ్డకు పాలివ్వడం ఆడవారికి పుట్టుకతోనే తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. పాలు ఊరడం ప్రకృతి చూసుకుంటుంది గాని, బిడ్డను సరిగా పట్టుకోవడం, రొమ్మును నోటికి అందించడం తల్లీబిడ్డలిద్దరూ నేర్చుకోవలసిన పనులు. పూర్వం ఈ విద్యను అమ్మమ్మో, నాయనమ్మో, మంత్రసానో నేర్పేవారు. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న జీడిమెట్ల పారిశ్రామిక వాడ వంటి చోట్ల నేటి పరిస్థితి వేరు. కర్మాగారాలలో పని కోసం దూర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. భర్త రాత్రి షిఫ్టుకు వెళ్లినప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, బాలింతకు ధైర్యం చెప్పే పెద్దదిక్కు పక్కన ఉండకపోవచ్చు. ఫోను మాత్రం ఉంటుంది. ఆ ఫోను ద్వారా కృత్రిమ మేధ ఆమెకు ఎంతవరకు తోడ్పడగలదు?

ముందుగా పాలు ఎలా వస్తాయో తెలుసుకోవాలి. బిడ్డ చనుమొనను చీకినప్పుడు ఆ స్పర్శ నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. అప్పుడు పీయూష గ్రంథి నుంచి రెండు హార్మోన్లు రక్తంలోకి వెలువడతాయి. వీటిలో ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ క్షీరగ్రంథుల చుట్టూ ఉన్న కండర కణాలను ముడుచుకొనేటట్లు చేసి పాలను బయటికి నెడుతుంది. చెలమలో నీరు తోడినకొద్దీ ఊరినట్లే, బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరుతాయి. కావున పాలు చాలడం లేదన్న భయంతో డబ్బా పాలు మొదలుపెడితే, బిడ్డ రొమ్ము చీకడం తగ్గి, పాలు కూడా తగ్గిపోతాయి. చివరకు ఆ భయమే నిజమవుతుంది. మొదటి వారం గడిచిన పిమ్మట బిడ్డ రోజుకు ఆరుసార్లో, అంతకన్న ఎక్కువో మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్లే. ఇంత చిన్న సంగతైనా సకాలంలో చెప్పేవారు కావాలి.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలనీ, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. అయినా గంటలోపు తల్లిపాలు అందినది నూటికి సుమారు 37 మంది శిశువులకే. అనగా, ఆసుపత్రి దగ్గర ఉన్నంత మాత్రాన తల్లికి తగిన సలహా అందుతున్నదని చెప్పలేము.

ఫోను ద్వారా సలహా చెప్పడం కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వపు 'కిల్కారి' పథకంలో గర్భిణికి నాలుగవ నెల నుంచి, బిడ్డకు ఏడాది నిండేవరకు 72 రికార్డు చేసిన సందేశాలు వినిపిస్తారు. ముంబాయిలో డాక్టర్ అపర్ణ హెగ్డే 2008లో స్థాపించిన 'అర్మాన్' అనే స్వచ్ఛంద సంస్థ 'ఎంమిత్ర' పేరుతో ఇటువంటి సేవనే ఏర్పాటు చేసింది. అయితే కొంతకాలానికి పలువురు వినడం మానివేస్తారు. కార్యకర్త స్వయంగా ఫోను చేసి పలకరిస్తే కొందరు తిరిగి వింటారు. కాని తల్లులు వేలమంది, కార్యకర్తలు కొద్దిమంది. ఎవరికి ఫోను చేయాలి?

ఈ ప్రశ్నకు సంభావ్యతా గణితం జవాబు చెబుతుంది. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. ఫోను చేయకపోయినా మొదటి తల్లి సందేశం వినే సంభావ్యత 0.9; చేస్తే 0.95. రెండవ తల్లికి 0.3, చేస్తే 0.7. మూడవ తల్లికి 0.1, చేస్తే 0.15. అందరికన్న తక్కువగా వింటున్నది మూడవ తల్లే. అయినా ఒక్క ఫోనుకే అవకాశముంటే దానివల్ల ఎక్కువ ప్రయోజనం కలిగేది రెండవ తల్లికి. ఏలనంటే అక్కడ పెరుగుదల 0.4. వేలమంది గత ప్రవర్తనను పరిశీలించి యంత్రం ఇటువంటి సంభావ్యతలను అంచనా వేస్తుంది. ఎవరిని ముందు ఎన్నుకోవాలో తేల్చే సూచికను గణితవేత్త పీటర్ విటిల్ 1988లో ప్రతిపాదించారు.

అర్మాన్ సంస్థ, గూగుల్ పరిశోధకులు కలిసి 2021లో దీనిని పరీక్షించారు. 23,003 మంది తల్లులను మూడు సమూహాలుగా విభజించి ఏడు వారాలు గమనించారు. ఒక సమూహంలో యంత్రం ఎంచినవారికి, మరొక దానిలో వరుసక్రమంలో వచ్చినవారికి కార్యకర్తలు ఫోను చేశారు. మూడవ దానిలో ఎవరికీ చేయలేదు. ఈ మూడవ సమూహంతో పోలిస్తే, యంత్రం ఎంచిన సమూహంలో వినడం మానుకోవడం నూటికి 30 వంతుల దాకా తగ్గింది. వరుసక్రమంలో చేసినప్పుడు చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. పలకరించింది మనుషులే, ఎవరిని పలకరించాలో మాత్రం యంత్రం చెప్పింది.

ఈ పరీక్ష కొలిచింది సందేశాలు వినడాన్నే కాని, పాలివ్వడాన్ని కాదని గుర్తుంచుకోవాలి. వినడానికీ, ఆచరించడానికీ మధ్య దూరం ఉన్నది.

ఇక అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రాలు మరొక రకం. అవి అపారమైన రాతల నుంచి మాటల పొందికను నేర్చుకొని జవాబులు కూరుస్తాయి. జీడిమెట్ల తల్లి "పాలు పడ్తలేవు" అన్నా, కోస్తా నుంచి వచ్చిన తల్లి "పాలు పడట్లేదు" అన్నా ఒకటేనని అవి గ్రహించగలగాలి. తప్పును కూడా ఒప్పులాగే నమ్మకంగా చెప్పగలగడం వీటిలోని ప్రమాదం. బిడ్డ రొమ్మును సరిగా అందుకున్నదో లేదో మాటలను బట్టి తేల్చడం కష్టం. నర్సు పక్కన కూర్చుని చూడాలి. బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, జ్వరం వచ్చినా, తల్లికి రొమ్ము వాచి జ్వరం తగిలినా, యంత్రంతో సంభాషణ ఆపి వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

సలహా ఎంత మంచిదైనా, పాలివ్వడానికి తల్లికి తీరిక కావాలి. చట్టం ప్రకారం అర్హత గల ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు, ఆ తరువాత బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఉన్నాయి. కూలి పనికి వెళ్లే తల్లికి ఇవి నిజంగా దక్కేటట్లు చూడడం యంత్రం చేయగల పని కాదు. అది యజమానులూ, ప్రభుత్వమూ, ఇంటివారూ చేయవలసినది.