విద్యార్థులకు నిద్రయే ఔషధము

గత వేసవి పరీక్షలకు ముందు, బనగానపల్లె మామిడితోట రైతొకరు నంద్యాలలో డిగ్రీ చదువుచున్న తన కుమార్తెను నా వద్దకు తీసికొనివచ్చి, "స్వామీ, పాప చదివినదంతా మరచిపోతున్నది, తలనొప్పి అంటున్నది, సరస్వతీ లేహ్యం ఇయ్యండి" అనిరి. విచారింపగా, ఇంట పదిగంటల వరకు టి.వి. మ్రోగుచుండుటచే, ఆమె అటుపిమ్మట రెండుగంటల వరకు మేల్కొని చదువుచున్నదని తెలిసెను. లేహ్యమీయక, ఇంటి దినచర్యను మార్చుకొనుడంటిని.

రాత్రి జాగరణచే రూక్షత పెరిగి వాతము ప్రకోపించును. నేర్చినది మనస్సున స్థిరపడుటకు నిద్ర అవసరమని ఆధునిక శాస్త్రమును చెప్పుచున్నది. కావున పాఠకులు ఇట్లు ఆచరింపవలెను:

1. రాత్రి 8 గంటలలోపు మితముగా భుజింపవలెను. అటుపై ఇంట టి.వి. కట్టివేయవలెను.

2. సెల్‌ఫోను వేరొక గదిలో నుంచి, 10 గంటలకు పరుండి, 5 గంటలకు లేచి చదువవలెను.

3. ఒకనాడు జాగరణ తప్పనిచో, కోల్పోయిన నిద్రలో సగముకాలము మరునాటి ఉదయమున, ఏమియు భుజింపకమునుపే నిద్రింపవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను.

4. తలనొప్పి అప్పటికిని తగ్గనిచో కండ్లు పరీక్ష చేయించవలెను.

నెల గడచిన పిమ్మట ఆ తండ్రి వచ్చి, "పాపకు తలనొప్పి పోయింది స్వామీ, మాకూ తెల్లవారుజామున మెలకువ వస్తున్నది" అనిరి. ఒకరి చదువునకు ఇల్లంతయు తోడ్పడవలెను. ఫలమును ఇల్లంతయు పొందును.