మోసపు మెయిల్‌కు రూపం సాక్ష్యం కాదు

గద్వాల చీరకు ఆర్డరు ఫోన్‌లోనే వస్తోంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్లలో పల్లికాయ అమ్మిన రైతు సొమ్ము ఖాతాలో పడుతోంది. రావలసిన డబ్బు కోసం చూస్తున్నవారికి ‘మీ చెల్లింపు ఆగిపోయింది, కేవైసీ సరిచేసుకోండి’ అని మెయిల్ వస్తే అనుమానం కలగదు. ఆ ఎదురుచూపే మోసగాడి పెట్టుబడి. అందుకే, చదువుకున్నవాళ్లు మోసపోరన్న మాటను నేను నమ్మను. అచ్చుతప్పులు చూసి పట్టేయవచ్చన్న సలహాకూ కాలం చెల్లింది. నైజీరియా పేరిట వచ్చే మోసపు మెయిళ్లు అంత అతకకుండా ఉండటం తెలివితక్కువతనం కాదనీ, అనుమానించేవాళ్లు మొదట్లోనే తప్పుకోవాలన్న ఎత్తుగడేననీ 2012లోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ వాదించాడు. ఇప్పుడైతే యంత్రమే తప్పుల్లేని తెలుగు రాసిపెడుతోంది.

మరి దేన్ని నమ్మాలి? లింకులోని చిరునామాను, పంపినవాడి పేరును కాదు. ఈ-మెయిల్ పంపే పద్ధతి 1982లో రూపుదిద్దుకున్నప్పుడు, పంపినవాడు చెప్పుకున్న పేరు నిజమో కాదో తేల్చే ఏర్పాటు అందులో లేదు. తర్వాత చేర్చిన తనిఖీలు మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని చెబుతాయి తప్ప, ఆ డొమైన్ యజమాని నిజాయితీపరుడని చెప్పవు. లింకులో మొదటి ఒంటి స్లాష్‌కు సరిగ్గా ముందున్న ముక్కలే యజమానివి. వాటికి ఎడమవైపు ఏ బ్యాంకు పేరైనా ఎవరైనా తగిలించుకోవచ్చు. ఈ చిక్కు తీర్చడానికే బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసేది మన హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాడికి అది ఇవ్వదు. కొరియర్లకూ, అమ్మకాల సైట్లకూ ఇలాంటి గుర్తు లేదు. అక్కడ డబ్బు ఎటు కదులుతోందో చూడాలి. సొమ్ము అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. రీఫండు ఇస్తామంటూ పిన్ అడిగితే అది మోసమే, ఇంకో పరీక్ష అవసరం లేదు.

ఎంత నేర్చినా ఒక్కోసారి చెయ్యి జారుతుంది. అప్పుడు ‘ఓటీపీ నేనే చెప్పాను, ఇక బ్యాంకు ఏమిస్తుంది?’ అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఇది సగం నిజమే. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు చెప్పేవరకే అతని నష్టం. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అంటే సిగ్గుపడి ఆలస్యం చేసిన ప్రతి గంటా మన లెక్కలోనే పడుతుంది. పైగా కొట్టేసిన డబ్బు ఒకచోట ఉండదు, అద్దె ఖాతాల మీదుగా చేతులు మారి నగదైపోతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసిన ఫోన్ ఆ దారిలోని బ్యాంకులకు వరుసగా కబురు పంపుతుంది, మిగిలి ఉన్నంత సొమ్మును నిలుపుతుంది. అంతా తిరిగి వస్తుందన్న హామీ మాత్రం లేదు. చిన్న మొత్తానికి జిల్లా కేంద్రం దాకా ఎవరు తిరుగుతారంటారా? మొదటి ఫిర్యాదుకు ఫోనే చాలు.

ఏమీ పోలేదు కదా, ఎందుకు చెప్పాలి? అదే మెయిల్ ఇంకెందరికో వెళ్లి ఉంటుంది కాబట్టి. డబ్బు పోకపోయినా ఆ మెయిల్‌ను తుడిచేయకండి. అది వచ్చిన దారి చూపే పూర్తి హెడర్‌తో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు, మీ బ్యాంకుకు పంపండి.