ఉదయం నాష్తాలో సలాడ్: ఎంత తినాలి, ఎలా కడగాలి, ఎవరు జాగ్రత్తపడాలి?

ఫజర్ నమాజ్ అయ్యాక మన ఇళ్లలో ముందు పడేది చాయ్ గిన్నె. ఆ తర్వాత పరాటా, పూరీ, ఖిచిడీ-ఖీమా, లేదంటే రాత్రి మిగిలిన సాలన్‌తో రోటీ. సెలవు రోజైతే హోటల్ నుంచి నహారీ, పాయా వచ్చేస్తాయి. దస్తర్‌ఖాన్ నిండుగానే కనిపిస్తుంది. కానీ అందులో పచ్చి కూరగాయ ఎంత ఉందని చూస్తే, ఖీమా మీద చల్లిన కొత్తిమీర, పక్కన పెట్టిన రెండు ఉల్లి ముక్కలు. అంతే.

ఇదే అలవాటు ఏళ్ల తరబడి సాగితే శరీరం లెక్క అడుగుతుంది. ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసి 2023లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం దేశంలో దాదాపు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల మందికి పైగా షుగర్ వచ్చే దశకు దగ్గరలో ఉన్నారు. తిండి ఒక్కటే దీనికి కారణం కాదు. కానీ మన చేతిలో ఉన్న వాటిలో అది ముఖ్యమైనది.

రోజుకు ఎంత కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని చెబుతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ఇంకాస్త ముందుకు వెళ్లాయి. రోజు మొత్తంలో తినే ప్లేటులో సుమారు సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలన్నది వాటి సారాంశం.

మధ్యాహ్నం అన్నంలోకి కూర, రాత్రి సాలన్‌లో నాలుగు ముక్కలతో ఇంత మోతాదు పూర్తి కాదు. అందుకే పొద్దున్నే ఒక వంతు తినేస్తే మిగతా రోజు సులువవుతుంది.

కచుంబర్ మనకు కొత్తేం కాదు

సలాడ్ అనగానే లెట్యూస్, ఆలివ్ నూనె, ఖరీదైన డబ్బాలు గుర్తొస్తాయి. అవేవీ అక్కర్లేదు. బిర్యానీ పక్కన పెట్టే కచుంబర్ కూడా సలాడే. కీర, టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుదీనా, నిమ్మరసం. అదే ప్లేటును ఉదయానికి తెచ్చుకుని, అందులో ప్రోటీన్ కలిపితే చాలు.

ప్రవక్త ముహమ్మద్ (స) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినేవారని సహీహ్ బుఖారీలో ఉంది. పచ్చి కాయను ఇంకో ఆహారంతో జోడించి తినడం మనకు పరాయి పద్ధతి కాదు.

ఐదుగురికి ఖర్చు ఎంత?

కూరగాయల ధరలు రోజుకో రకంగా ఉంటాయి. ఒక మామూలు రోజు లెక్క ఇలా అనుకుందాం.

- కీర అరకిలో (కిలో రూ.40): రూ.20
- క్యారెట్ పావుకిలో (కిలో రూ.60): రూ.15
- టమాటా పావుకిలో (కిలో రూ.40): రూ.10
- శనగలు 100 గ్రాములు, రాత్రి నానబెట్టి ఉదయం ఉడికించాలి (కిలో రూ.100): రూ.10
- ఉల్లిపాయ, నిమ్మకాయలు, కొత్తిమీర: రూ.15

మొత్తం రూ.70. అంటే మనిషికి రూ.14. తలా 200 గ్రాముల కూరగాయలు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 400 గ్రాముల్లో సగం నాష్తాతోనే పూర్తయినట్టు. శనగల వల్ల తలా సుమారు 4 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. ఉడికించిన గుడ్డు ఒకటి తోడైతే ఇంకో 6 గ్రాములు.

టమాటా ధర మండిపోయినప్పుడు దాన్ని పక్కన పెట్టి ముల్లంగి, బీట్‌రూట్ వేసుకోవచ్చు. జామకాయలు వచ్చే రోజుల్లో ఒక కాయ ముక్కలు కలిపితే రుచికి రుచి, విటమిన్ సి కూడా బాగా అందుతుంది.

ముందు సలాడ్, తర్వాత రోటీ

ఏది ముందు తింటున్నామన్నది కూడా ముఖ్యమే. కూరగాయలు, ప్రోటీన్ ముందు తిని, ఆ తర్వాత రోటీ, అన్నం లాంటివి తింటే భోజనం తర్వాత రక్తంలో షుగర్ పెరుగుదల తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కూరగాయల్లోని పీచు జీర్ణక్రియ వేగాన్ని తగ్గిస్తుంది. కడుపు కొంత నిండిపోతుంది కాబట్టి మూడో పరాటా దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

సలాడ్‌లో కాస్త కొవ్వు కూడా ఉండాలి. క్యారెట్‌లో ఉండే, శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే పదార్థం కొవ్వుతో కలిస్తేనే బాగా ఒంటబడుతుంది. ఒక చెంచా వేయించిన పల్లీలు గానీ, చెంచాడు నూనె గానీ సరిపోతాయి. గుడ్డు పచ్చసొన కూడా ఈ పని చేస్తుంది.

మయోనీస్ మాత్రం వద్దు. కొవ్వు, ఉప్పు ఎక్కువ. పచ్చి గుడ్లతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది కూడా. దానికి బదులు గడ్డ పెరుగులో మిరియాల పొడి, జీలకర్ర పొడి కలిపి వేసుకోవచ్చు. ఉప్పు, చాట్ మసాలా చిటికెడు దాటకూడదు. రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి.

కడగడంలో పొరపాటు చేస్తే

పచ్చిగా తినేటప్పుడు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మురుగు నీరు పారే చోట పండిన ఆకుకూరలు, కొత్తిమీర, క్యాబేజీ మీద బ్యాక్టీరియాతో పాటు బద్దెపురుగు గుడ్లు కూడా ఉండొచ్చు. ఆ గుడ్లు కడుపులోకి వెళితే వాటి పిల్లలు మెదడులో చేరి ఫిట్స్ తెప్పించే జబ్బు వస్తుంది. దాని పేరు న్యూరోసిస్టిసర్కోసిస్.

"మనం పంది మాంసం ముట్టం, మనకెందుకు వస్తుంది?" అనుకుంటే పొరపాటు. ఈ గుడ్లు వచ్చేది మనిషి మలంతో కలుషితమైన నీళ్లు, మట్టి, చేతుల నుంచి. శాకాహారులకు కూడా ఈ జబ్బు వస్తుంది.

అందుకే ఈ పద్ధతి పాటించాలి:

- ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.
- కాయలను పారే నీళ్ల కింద రుద్ది కడగాలి. తొక్క తీసేవైనా సరే, ముందు కడగాలి.
- కొత్తిమీర, పుదీనా కట్ట విప్పి, వేర్లు తీసేసి, ఆకులు విడివిడిగా మూడు నాలుగు నీళ్లలో కడగాలి.
- మాంసం కోసిన చాకు, పీటతో సలాడ్ కోయొద్దు. వాటిని వేరుగా పెట్టుకోవాలి.
- తినే ముందే కోసుకోవాలి. కోసి రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు.

వీళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి

షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు నాష్తా మానేసి సలాడ్ ఒక్కటే తినకూడదు. మందు పనిచేస్తుంటే, తిండి చాలక షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని లక్షణాలు. రోటీ ఒకటి తగ్గించుకోవచ్చేమో గానీ, పూర్తిగా మానడం డాక్టర్ చెబితేనే.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి పొటాషియం ఎక్కువైతే గుండెకు ప్రమాదం. ఏ కూరగాయ ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరల మోతాదును హఠాత్తుగా పెంచొద్దు.

గర్భిణులు పచ్చి మొలకలు తినకూడదు. వాటిని బాగా ఉడికించుకోవాలి. బయట కోసి అమ్మే ముక్కల జోలికి కూడా వెళ్లొద్దు. చిన్న పిల్లలకు క్యారెట్ ముక్కలు గొంతులో అడ్డుపడతాయి కాబట్టి తురిమి పెట్టాలి. గ్యాస్ సమస్య ఉన్నవాళ్లు పచ్చి క్యాబేజీ, ముల్లంగి తగ్గించి, కీరతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు.

అమ్మీ ప్లేటు కూడా తీయండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. చాలా ఇళ్లలో అందరికీ వడ్డించాక, మిగిలిన రోటీ చాయ్‌లో ముంచుకుని తినేది అమ్మీనో, బహూనో. భోజనంతో పాటు తాగే చాయ్ తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వదు. నిమ్మరసం, జామ లాంటివి శనగల్లోని ఇనుము ఒంటబట్టేలా సాయం చేస్తాయి. అంటే శనగల సలాడ్ మీద నిమ్మకాయ పిండుకుని తినాలి, చాయ్ ఒక గంట తర్వాత తాగాలి. రక్తహీనత ఉందని పరీక్షలో తేలితే మాత్రం డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానకూడదు.

రమజాన్‌లో సెహ్రీకి కూడా ఇదే ప్లేటు పనికొస్తుంది. కీరలో దాదాపు 95 శాతం నీరే. ఉప్పు తక్కువ వేసుకుంటే పగలు దాహం కూడా తక్కువగా ఉంటుంది.

వారం మొత్తం ఒకేసారి మార్చేయక్కర్లేదు. ఈ రాత్రి గుప్పెడు శనగలు నానబెట్టండి. రేపు పొద్దున కోసిన సలాడ్‌ను ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ప్లేట్లుగా ముందే పంచేయండి. వంటింట్లో ఉన్నవాళ్ల ప్లేటు మొదట తీసి పెట్టండి.