కట్టుబడి బంట్రోతుల ఆయుధములు

విజయనగర ప్రభువుల పాలన క్షీణించిన పిదప కర్నూలు, కడప సీమలందు పాలెగాండ్రు బలవంతులైరి. వారు కోటలు గట్టుకొని, పొరుగు పాలెగాండ్రతో పోరుచు, పై ప్రభువులకు కప్పము చెల్లింపక యెదిరించుచుండిరి. 1800వ సంవత్సరమున నైజాము కృష్ణా తుంగభద్రలకు దక్షిణముననున్న తన భూములను ఈస్టిండియా కంపెనీకి ఒసగెను. ఇవియే దత్తమండలములు. ఆనాడు ఇందు 80 మంది పాలెగాండ్రును, వారి క్రింద 30,000 మంది సాయుధులైన బంట్రోతులును గలరని ప్రధాన కలెక్టరు తామస్ మన్రో వ్రాసెను.

ఇంతమందికి నెలనెల రొక్కము నిచ్చుట మెట్టసీమ పాలెగానికి సాధ్యమా? కాదు. కావున జీతమునకు మారుగ మాన్యము నిచ్చెడివారు. ఆ భూమికి స్వల్పమైన శిస్తు కట్టినచో చాలును. అట్టి మాన్యమును అనుభవించువారే కట్టుబడులు. వారు శాంతికాలమున పొలము దున్నుకొనుచు, ఊరికి కావలి కాచెడివారు. పాలెగాని పిలుపు రాగానే ఆయుధము చేబూని బయలుదేరెడివారు.

వారి ఆయుధములలో ముఖ్యమైనవి కత్తి, డాలు, బల్లెము, జామగిరి తుపాకి. జామగిరి యనగా మెల్లగా రగులుచుండు నూలుత్రాడు. దానిని సురేకారపు నీట నానబెట్టి యెండించెడివారు. బంట్రోతు మొదట గొట్టపు మూతినుండి మందు పోసి, దానిపై సీసపు గుండు వేసి, కడ్డీతో లోనికి కూరును. సురేకారము, గంధకము, బొగ్గుల కలయికయే ఆ మందు. గొట్టము మొదటనున్న చిన్న పళ్ళెరములో మరికొంత మందు నుంచి మీట నొక్కగా, రగులుచున్న త్రాటికొన వంగి ఆ పళ్ళెరమును తాకును. అచ్చటి మంట చిన్న రంధ్రము గుండ లోనికి ప్రాకి గుండును వెడలగొట్టును.

ఈ తుపాకికి లోపములు పెక్కు గలవు. వాన కురిసినచో త్రాడు ఆరిపోవును. రాత్రివేళ ఆ నిప్పుకొనయే బంట్రోతు దాగిన చోటును శత్రువునకు చూపును. ఒకమారు కాల్చిన పిదప మరల మందు కూరునంతలో శత్రువు మీద పడును. అందుచేతనే తుపాకి పట్టినవాడు సైతము నడుమున కత్తి విడువకుండెను. కోట బురుజు రంధ్రముల చాటునను, కొండగుట్టల మాటునను ఆ తుపాకి మిక్కిలి యుపయోగపడెను. బయలున నిలిచి పోరుటకు చాలకుండెను.

కంపెనీ సిపాయి చేతనున్నది చెకుముకి తుపాకి. దానికి నిప్పుత్రాడు అక్కరలేదు. మీట నొక్కగా చెకుముకిరాయి ఉక్కును కొట్టి నిప్పురవ్వలు రాల్చును. గొట్టము కొనకు బాయినెట్టును తగిలించినచో ఆ తుపాకియే బల్లెమగును. సిపాయిలు వరుసలు దీరి, ఒక్క ఆజ్ఞతో ఒక్కసారిగా కాల్చుట నేర్చినవారు. కోటగోడలను కూల్చుటకు వారివెంట ఫిరంగులు వచ్చెను. ఆ సిపాయిలలోను తెలుగువారు కలరు. ఒక యూరివాడు కోటలోపల, మరొక యూరివాడు కోటవెలుపల నిలిచి పోరిన దినములవి.

మన్రో కాలమున పాలెగాండ్ర సేనలు చెదరిపోయెను. కాని పెక్కు గ్రామములలో కట్టుబడుల మాన్యములు నిలిచెను. 1840 ప్రాంతమున ప్రభుత్వము ఆ మాన్యములను తిరిగి తీసికొన నుద్యమింపగా, కట్టుబడులకు దిక్కు తోచకపోయెను. ఆయుధము తప్ప వేరు వృత్తి యెరుగనివాడు పొలమును పోగొట్టుకొని యెట్లు బ్రదుకును? అదే సమయమున, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణముతో కాలము గడపుచున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తనకు రావలసిన దానిని ప్రభుత్వము నిరాకరించెనని కుపితుడై యుండెను. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. కట్టుబడులు పెక్కుమంది ఆయన వెంట నడచిరి. అక్టోబరులో ఆయన పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి.

వస్తుప్రదర్శనశాలలో త్రుప్పుపట్టిన కత్తిని, పొడవైన పాత తుపాకిని చూచునపుడు బాలబాలికలు వాని పదునును, బరువును మాత్రమే తలచి యూరకుండరాదు. వానిని మోసిన చేతులే నాగలిని కూడ పట్టినవి. ఆ నాగలి క్రింది నేల పోవునేమోయన్న భయమే కట్టుబడులను మరల ఆయుధము పట్టించినది.