ముట్లుడుగు ప్రాయమున సామూహిక నృత్యము
(వేలూరు, గుడియాత్తము ప్రాంతముల తెలుగు స్త్రీలను గూర్చి)

కన్య రజస్వల యైనప్పుడు వేడుక చేయు ఆచారము మనలో కలదు. ఆ రజస్సు నిలిచిపోవు కాలమునకు మాత్రము వేడుక లేదు, పాట లేదు. తరచు మాటయైనను లేదు. పల్లెలలో ముట్లుడుగుట యనియు, శాస్త్రమున రజోనివృత్తి యనియు చెప్పబడు ఈ దశలో, పదిమంది కలసి ఆడు ఆట స్త్రీకి ఎంతవరకు తోడ్పడగలదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పండ్రెండవ యేట మొదలగు రజస్సు ఏబదవ యేట క్షయించునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. వరుసగా 12 నెలలు ముట్టు కాకున్నచో రజోనివృత్తి యైనదని నేటి వైద్యులు నిర్ణయింతురు. పాశ్చాత్య స్త్రీలలో ఇది సగటున 51వ యేట, మన దేశమున 46, 47 ఏండ్లకే సంభవించుచున్నది. దీనికి పూర్వము కొన్ని సంవత్సరములు ముట్టు క్రమము తప్పుచుండును. అండాశయములలో ఈస్ట్రోజెన్ తగ్గుటచేత ఒడలంతయు ఒక్కసారిగా వేడి ఆవిరి గ్రమ్మినట్లగుట, రాత్రి చెమట, నిద్రలేమి, విసుగు, దిగులు, కీళ్ళనొప్పులు కలుగవచ్చును. ఇవి అందరికిని ఒకే తీరున నుండవు. కొందరికి ఏమియు తెలియకయే ఈ దశ గడచిపోవును. పైకి కనబడని మార్పు ఎముకలలో జరుగును. ముట్లుడిగిన తరువాతి మొదటి కొన్ని యేండ్లలో ఎముకలు వేగముగా గుల్లబారును.

ఈ విషయమున వేలూరునకు ప్రత్యేక సంబంధము కలదు. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల, 1918లో స్త్రీల వైద్య విద్యాలయమును కూడ చేర్చుకొని, నేటి క్రిస్టియన్ వైద్య కళాశాలగా వృద్ధిచెందినది. స్త్రీ తన బాధను పరపురుషునకు చెప్పుకొనలేక ప్రాణము విడుచుచున్న కాలమున పుట్టిన సంస్థ యిది. ఇచ్చటి పరిశోధకులు ముట్లుడిగిన 150 మంది స్త్రీలను పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. వారు మంచమున బడిన రోగులు కారు. ఇంటిపనులు చేసికొనుచు తిరుగాడు సామాన్య స్త్రీలు. అట్టివారిలో సుమారు సగము మందికి వెన్నెముకలోనో తుంటిలోనో ఎముక గుల్లబారి యుండెను. ఆహారమున సున్నపు పాలు చాలకుండుట, విటమిన్ డి కొరవడుట పలువురిలో కనబడెను.

మా యాడువారు పగలంతయు పనిచేయుచునే యున్నారు, వారికి వేరే వ్యాయామమేల యని కొందరడుగుదురు. ఈ ప్రాంతమున బీడీలు చుట్టుట, మగ్గపు పనులు, అగ్గిపెట్టెల తయారీ పెక్కు కుటుంబములకు జీవనాధారములు. ఇవి యన్నియు శ్రమతో కూడిన పనులే. కాని వానిలో చాల భాగము గంటల తరబడి వంగి కూర్చుండి చేయవలసినవి. ఎముకకు బలము నిచ్చునది నిలువుగా నిలిచి, దేహభారమును కాళ్ళపై మోయుచు కదలుట. ఆ కదలిక మన పాత యాటలలో సమృద్ధిగా నున్నది.

1911 వరకు చిత్తూరే ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. వేలూరు, గుడియాత్తములు ఆ జిల్లాలోనివే. కావున ఇచ్చటి తెలుగు స్త్రీలకు గొబ్బి యెంత తెలియునో పొరుగింటి తమిళ స్త్రీల కుమ్మి యంత తెలియును. రెండింటను చప్పట్లు, వలయము, వంగి లేచుట కలవు. కోలాట మిరువురకును సొంతమే. అయితే గొబ్బి కన్నెపిల్లల దనియు, పేరంటము ముత్తైదువల దనియు కట్టుబాటు ఏర్పడినది. నలుబదియైదు దాటిన స్త్రీ, అందును భర్తను కోల్పోయిన స్త్రీ, గోడవారగా కూర్చుండి చూడవలసినదే. తెలంగాణపు బతుకమ్మలో మనుమరాలును అమ్మమ్మయు ఒకే వలయమున తిరుగుదురు. అట్టి వలయము ఇచ్చట కూడ నేర్పడవలెను.

నృత్యమును మనోవైద్యమునకు వినియోగించుట 1940ల దశకమున వాషింగ్టన్ నగరపు ఒక వైద్యశాలలో మేరియన్ ఛేస్ ప్రయత్నములతో వ్యాప్తిలోనికి వచ్చినది. ఇందు నేర్చిన అడుగులతో పాటు స్వేచ్ఛాచలనమునకును చోటు కలదు. ఒకామె తన దినచర్యలోని యొక కదలికను, నీరు తోడుటయో, నూలు చుట్టుటయో, లయబద్ధముగా చూపును. మిగిలినవారు దానినే తిరిగి చూపుదురు. నోట చెప్పలేని అలసట చేతుల ద్వారా వ్యక్తమగును. చూచినవారు దానిని అందుకొన్నారని ఆమెకు తెలియును.

ఫలితమును గూర్చి అతిశయోక్తి తగదు. వ్యాయామము వేడి ఆవిరులను తగ్గించునని చెప్పుటకు చాలినంత ఆధారము లేదని 2014లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చినది. కాని కాళ్ళకు బలము, పడిపోకుండ నిలువగల నిలుకడ, మనస్సునకు ఉల్లాసము, నిద్రకు కొంత మేలు కలుగునని ఆశింపవచ్చును. వారమునకు 150 మొదలు 300 నిమిషములు మధ్యరకపు వ్యాయామము పెద్దలకు అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. వారమునకు మూడు దినములు, దినమునకు ఏబది నిమిషములు ఆడినచో కనీసపు లెక్క సరిపోవును.

నిర్వహణము కష్టము కాదు. గాలి వచ్చు చోటు, పదిపదిహేనుగురు స్త్రీలు, త్రాగుటకు నీరు, నూలు వస్త్రములు చాలును. మొదట మెల్లని నడక, పిమ్మట చప్పట్ల యాట, చివర స్వేచ్ఛాచలనము. గెంతులు వలదు. మోకాళ్ళు నొచ్చువారు కుర్చీలో కూర్చుండి చేతులతోనే ఆడవచ్చును. ఎముక విరిగినవారు, గుండెజబ్బు కలవారు ముందుగా వైద్యుని అడుగవలెను.

ఆట ముగిసిన పిమ్మట కూర్చుండి మాటలాడుకొను పావుగంట మిక్కిలి విలువైనది. ముట్లుడిగి సంవత్సరము దాటిన పిమ్మట మరల రక్తము కనబడినచో, అది చుక్కయే యైనను, ఆలస్యము లేక పరీక్ష చేయించుకొనవలెను. గర్భాశయపు క్యాన్సరునకు అది తొలి సూచన కావచ్చును. వేడి యనియు, వయస్సు ధర్మ మనియు సరిపెట్టుకొని యెందరో ఈ సూచనను దాచుదురు. ఇంటిలో చెప్పనిది తన యీడువారితో చెప్పును. వారిలో నొకరు ఆమెను చేయి పట్టుకొని వైద్యశాలకు తీసికొనిపోగలరు. నలుబది యేండ్లలోపే ముట్లుడిగినవారును, నిద్రయు నెమ్మదియు పూర్తిగా కోల్పోయినవారును చికిత్స కర్హులే. వేలూరునకు పోలేని పల్లెవారికి గుడియాత్తము దారిలోని కె.వి. కుప్పమున అదే కళాశాల 1977 నుండి నడుపుచున్న గ్రామీణ వైద్యకేంద్రము దగ్గర.

తెలుగు సంఘములకు సభామందిరములు కలవు. ఉగాదికిని సంక్రాంతికిని అవి నిండును, తక్కిన దినములలో తలుపులు మూసియుండును. వారమునకు మూడు సాయంకాలములు ఆ తలుపులు ఈ యీడు స్త్రీలకై తెరచుటకు ధనవ్యయ మంతగా లేదు. ముత్తైదువ, విధవ యను భేదము లేని యొక వలయము అచ్చట నేర్పడినచో, మన గొబ్బి పాటకు కొత్త వయస్సు వచ్చును. మౌనముగా గడపబడుచున్న ఈ దశకు ఒక తోడు దొరకును.