విరిగే గోడలు, మిగిలే స్నేహాలు

వీడియో ఆటల మాట ఎత్తగానే మన ఇళ్ళల్లో రెండు పక్షాలు తేలుతాయి. “కళ్ళు పాడవుతాయి, చదువు చెడుతుంది” అని పెద్దలు, “ఒక్క ఆటే నాన్నా!” అని పిల్లలు. తీర్పు చెప్పేముందు ఆ పెట్టెలో జరిగేదేమిటో చూడటం న్యాయమని మాకు తోచింది. ముఖ్యంగా ఇద్దరు యోధులు కలియబడుతుంటే చుట్టూ ఉన్న గోదా కూడా విరిగిపడే పాత ఆటల గురించి నాలుగు ముక్కలు చెబుతాం.

1991లో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను విడుదల చేసింది. అందులో దెబ్బతిన్నవాడు వెళ్ళి పడితే చెక్కపెట్టెలు పగులుతాయి, బోర్డులు ముక్కలవుతాయి. అది కంటికి వేడుకే తప్ప గెలుపోటములకు సంబంధం లేదు. 1995లో సెగా వారి ‘ఫైటింగ్ వైపర్స్’ బరి చుట్టూ గోడలు కట్టింది. ప్రత్యర్థిని గోడకు నొక్కి కొట్టవచ్చు, ఆఖరి దెబ్బ బలంగా తగిలితే గోడ బద్దలై అవతల పడతాడు. 1999లో వచ్చిన ‘పవర్ స్టోన్’లో కుర్చీలు, పీపాలు ఎత్తి విసరడమే యుద్ధతంత్రం. అదే సంవత్సరం ‘డెడ్ ఆర్ అలైవ్ 2’లో ఒక్క తన్నుతో మనిషి పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు పడతాడు, పోరు అక్కడ కొనసాగుతుంది. అంటే కండబలం ఒక్కటే చాలదు. నిలబడ్డ చోటునూ చూసుకోవాలి.

ఇది మనకు కొత్తా? వాలి సుగ్రీవులు చెట్లు, బండలు పెకలించి కొట్టుకున్నారు. బకాసురుడితో భీముడు పోరాడితే అడవిలో చెట్లు మిగల్లేదు. ఇక మన సినిమాల్లో విలన్ స్థావరంలో పేర్చిన డ్రమ్ములు చివరి రీలు దాకా నిలిచిన దాఖలా ఉందా?

మలేషియాలో ఈ ఆటల కథ మరో మలుపు తిరిగింది. ఆటల పేరు చెప్పి జూదపు యంత్రాలు నడుపుతున్నారని, బడి పిల్లలు దారి తప్పుతున్నారని ఆందోళన పెరిగి, 2000 సంవత్సరం చివర్లో ప్రభుత్వం వీడియో గేమ్ కేంద్రాల లైసెన్సులు రద్దు చేయాలని నిర్ణయించింది. జూదం ఎన్ని సంసారాలను కూల్చిందో ఎరిగిన మనం ఆ ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే నాణెం వేసి అదృష్టం కోసం ఎదురుచూసే పెట్టె వేరు, నాణెం వేసి నేర్పు చూపే పెట్టె వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే పిల్లలు మన మాట వినరు సరికదా, మనకు తెలియని చోట ఆడతారు.

ఆ పాత కేంద్రాల్లో పరాయి పిల్లలు పక్కపక్కన నిలబడి ఆడేవారు. మలయ్, చైనీయ, భారతీయ భేదం లేకుండా ఓడినవాడు తప్పుకుంటే వెనకవాడు ముందుకొచ్చేవాడు. ఓటమిని నలుగురి ఎదుట మింగుకోవడం అదీ ఒక చదువే. నేడు అదే ఆట పడకగదిలో, తలుపు మూసుకుని, కనబడని మనిషితో సాగుతోంది. మా బెంగ ఆట మీద కాదు, ఆ మూసిన తలుపు మీద.

లోకం ఈ ఆటలకు పతకాలు కూడా ఇస్తోంది. 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో ‘టెక్కెన్ 7’, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ పోటీలు జరిగాయి. అంతమాత్రాన ప్రతి పిల్లవాడూ పతకం తెస్తాడని కాదు. కాలక్షేపమన్న చిన్నచూపు మాత్రం ఇక చెల్లదు.

అందుచేత సభ్యులకు మా మనవి ఇది. వారానికి ఒక గంట నిర్ణయించండి. ఆ గంటలో పిల్లల పక్కన కూర్చుని మీరూ ఒక మీట పట్టుకోండి. ఓడిపోతారు, ఫరవాలేదు. వచ్చే ఉగాది సంబరాల్లో పద్యాల పోటీ పక్కనే ఒక బల్ల మీద పాత ఆట ఒకటి పెట్టి, తండ్రికీ కూతురికీ, తాతకూ మనవడికీ పందెం కడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. తెరమీద గోడలు ఎన్ని విరిగినా నష్టం లేదు. ఇంట్లో తలుపు తెరిచి ఉంటే చాలు.