వేడెక్కు మోటారు సైకిలు

మన పల్లెలలో తిరుగు మోటారు సైకిళ్లలో పెక్కింటికి నీటితో చల్లార్చు ఏర్పాటు లేదు. సిలిండరు చుట్టునున్న లోహపు రెక్కలు, వానిని తాకు ఎదురుగాలి, లోపల తిరుగు నూనె, ఈ మూడే యంత్రపు వేడిని తీసికొనిపోవును. వీనిలో ఏది కొరవడినను వేడి మితిమీరును. బండి బలము తగ్గుట, ఎత్తు ఎక్కునప్పుడు లోపల టకటకమను చప్పుడు పుట్టుట, నూనె కాలిన వాసన వచ్చుట దాని గురుతులు. అప్పటికిని ఆపక నడిపినచో పిస్టను ఉబ్బి సిలిండరులో బిగిసికొనును. వెనుకచక్రము తటాలున నిలిచిపోయి మనిషి పడును. కావున పరుగులో బలము హఠాత్తుగా సన్నగిల్లినచో వెంటనే క్లచ్చు పట్టి, బండిని ప్రక్కకు తీయవలెను.

పెద్దలారా, బండి వేడెక్కినదనగానే “బోరు పోయినది, ఇంజను విప్పవలెను” అను మాట తరచుగా వినుచుందుము. విప్పుటకు ముందు ఇంటివద్దనే చూడదగినవి కలవు.

దమ్ము రోజులలో చేలగట్లపై తిరిగిన బండికి రెక్కల సందున బురద చేరి, ఎండి, ఇటుకవలె గట్టిపడును. యంత్రము పూర్తిగా చల్లారిన పిమ్మట వెదురుపుల్లతో గీకి కడుగవలెను. కాలుచున్న ఇంజనుపై చెంబుతో నీరు గ్రుమ్మరించుట కొందరికి అలవాటు. అది కూడదు, లోహము పగులవచ్చును. నూనె చూచునప్పుడు బండిని సమనేలపై నిటారుగా నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు తాళి, కొలపుల్లను తుడిచి ముంచవలెను. 1994లో వచ్చిన స్ప్లెండరు వంటి బండ్లలో ఆ పుల్లను మరత్రిప్పి బిగింపక, ఊరక ఆనించి చూడవలెను. నూనె రెండు గీతల నడుమ నుండవలెను.

ఈ మూడును సరిగా నున్నను, యంత్రముపై పడు భారము మించినచో వేడి పెరుగును. మా ఊర పాలు పోయువాని బండి రెండు క్యానులతో పొరుగూరు చేరులోపల మండిపోయెడిది. ఒక వర్క్‌షాపువారు బోరు చేయింపుమనిరి. నేను బండిని నడిమిస్టాండుపై నిలిపి, గేరు తీసి, వెనుకచక్రము చేతితో త్రిప్పితిని. ఒక్క చుట్టైనను పూర్తిగా తిరుగలేదు. బ్రేకు కడ్డీ మరను అతిగా బిగించియుండిరి. కొంచెము వదులు చేసి, బ్రేకు పట్టుచున్నదని చూచుకొనినంతనే వ్యాధి కుదిరెను. గొలుసు మరీ బిగుతుగా నున్నను ఇట్టి పీడయే. ఇంజను మ్రోత హెచ్చుచున్నను వేగము హెచ్చకున్నచో క్లచ్చు జారుచున్నదని తెలియవలెను. క్లచ్చు పిడి కొనయందు 10 నుండి 20 మిల్లీమీటర్ల వదులుండుట సాధారణము.

ఇక ప్లగ్గు. దాని కొన లేత గోధుమరంగున నున్నచో మేలు. సున్నమువలె తెల్లబారినచో పెట్రోలు చాలక గాలి మించినదని అనుమానింపవలెను. కార్బురేటరు ఇంజనుతో కలియుచోట రబ్బరు పగిలినదేమో చూడవలెను. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనల పిమ్మట వచ్చిన బండ్లలో పెక్కింటికి కార్బురేటరే లేదు. వానిలో పెట్రోలు కొలతను మనము ముట్టరాదు.

ఇవన్నియు చూచినను వేడి తగ్గనిచో మెకానిక్కు కడకు పోవలెను. పోవునప్పుడు ఆ ప్లగ్గును తుడువక అట్లే చూపి, నూనె ఎప్పుడు మార్చినది చెప్పవలెను.